బాలవ్వ చెయ్యని ప్రమాణం

1986 ఎండాకాలం. సంగారెడ్డిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నేను తత్వశాస్త్రం చెప్పేదాన్ని. సబ్జెక్టు పేరు వినగానే జనం నావైపు జాలిగా చూసేవారు. "అంటే పురాణాలా మేడం?" అని ఇంటి ఓనరమ్మ. "జాతకం చూస్తవా?" అని కూరగాయలమ్మే ఆమె. కాదమ్మా, కాదు అని చెప్పీ చెప్పీ నోరు నొప్పిపుట్టి, చివరికి "ఆఁ, అసొంటిదే" అనడం మొదలుపెట్టాను.

నిజానికి నా పని నీతి గురించి. మనిషి చెడ్డపని దగ్గర ఎందుకు ఆగుతాడు? దేవుడు శిక్షిస్తాడన్న భయం లేకపోయినా ఆగుతాడా? మనసులో ఈ ఆగడం ఎలా జరుగుతుందో పట్టుకోజూసే శాఖను మోరల్ సైకాలజీ అంటారు. పీహెచ్‌డీకి నేను తీసుకున్న విషయం ప్రమాణం. గుడి ముందు ఒట్టు వేసిన మనిషి ఆ తర్వాత నిజంగా మారతాడా అన్నది ప్రశ్న. జవాబు నాకు ముందే తెలుసనుకున్నాను. "భయం నుంచి నీతి పుట్టదు" అని మొదటి అధ్యాయం మొదటి వాక్యం టైపు కూడా చేయించాను. ఎంత పొగరో చూడండి.

హైదరాబాదులో ఉండే మా గైడు, అంటే పరిశోధనకి దారి చూపించే ప్రొఫెసరు, ఆ వాక్యం చూసి "ఎవరినన్నా అడిగావా అమ్మా?" అన్నారు. అలా ఫీల్డ్ వర్క్ నా నెత్తిన పడింది. ఊళ్ళకి వెళ్ళి మనుషుల్ని అడిగి తెలుసుకోవడాన్నే మావాళ్ళు ఆ పెద్ద పేరుతో పిలుస్తారు. మా ఆయనకి నిజామాబాద్‌లో ఉద్యోగం, శనివారం వచ్చేవాడు. ఆదివారం మా అమ్మాయి సుధను ఆయనకి అప్పజెప్పి నేను పటాన్‌చెరు బస్సెక్కేదాన్ని. లక్డారం దాటాక ఒక చిన్న ఊరు. పేరు చెప్పను. సగం ఊరు పొలాల్లో, సగం ఊరు ఫ్యాక్టరీల్లో. వాగులో నీళ్ళు ఒకరోజు పసుపుపచ్చగా, ఒకరోజు ఇటుకరంగులో పారేవి.

ఆ ఊళ్ళో నాతో బాగా మాట్లాడిన మనిషి బాలవ్వ. కూలికి పోయేది, పిల్లలకి దిష్టి తీసేది, గడ్డలకి ఆకు పసరు కట్టేది. భర్త లేడు. ఒక్కతే కూతురు, జహీరాబాద్ వైపు ఇచ్చింది. ఊళ్ళో ప్రమాణాన్ని ఇమానం అంటారు. "నువ్వు ఎప్పుడన్న ఇమానం చేసినవా అవ్వా?" అని అడిగితే రెండు చెంపలూ వాయించుకుంది.

"వామ్మో! దాని జోలికే పోను బిడ్డా."

"నిజం చెప్పేటప్పుడు గూడనా?"

"నిజమైతేంది? నిప్పు నిజమోన్ని కాల్చదా? చేసినంక అది ఊకె పోదు. ఎవని మీద ఒట్టు పెడితిమో వాన్ని తాకే పోతది."

చాలా బాగుందని రాసుకున్నాను. మంచి ఉదాహరణ దొరికిందని బస్సులో సంతోషపడ్డాను కూడా.

తర్వాతి ఆదివారం నేను వెళ్ళేసరికి పోచమ్మ గుడి ముందు జనం. మధ్యలో బాలవ్వ. పైనుంచి కిందికి నీళ్ళు కారుతున్నాయి. తడిబట్టలతో ప్రమాణం చేయించడం అక్కడి పద్ధతి. ఆమె ముందు పసుపు కలిపిన బియ్యం పళ్ళెం. పక్కన గుడి అరుగు మీద ఎర్రటి పిడుల కటింగ్ ప్లయర్. ఫ్యాక్టరీలో కరెంటు పనికి వాడేది. అది అక్కడెందుకుందో నాకు వెంటనే అర్థమైంది.

మా మెదక్ జిల్లాలో చేతబడిని బాణామతి అంటారు. చేసినదని అనుమానమొచ్చిన మనిషికి మంత్రం పలకకుండా పళ్ళు ఊడబీకేవారు. ఇది నేను పేపర్లో చదివి, కాఫీ తాగి, పేపరు మడతపెట్టిన దాన్నే. ఎదురుగా ఆ ప్లయరును చూడటం వేరు.

ఆరోపణ కిష్టయ్యది. కెమికల్ ఫ్యాక్టరీలో హెల్పరు. నెలల తరబడి అతని పెళ్ళానికి ఒళ్ళంతా మంట, పొక్కులు, తిన్నది నిలవదు. దవాఖానలన్నీ తిరిగాడు. పసరు కట్టించుకోవడానికి బాలవ్వ దగ్గరికి పోయినప్పటినుంచే ముదిరిందని ఎవరో అన్నారు. అంతే. వాగు రంగు మారిందని ఊరందరికీ తెలుసు. కానీ వాగుకి నీళ్ళు పోసి గుడి ముందు నిలబెట్టలేరు కదా.

"నీ బిడ్డ మీద ఇమానం చెయ్. చెయ్యలేదని చెప్పు. ఇడిసిపెడ్తం," అంటున్నాడు ఊరి పెద్ద, పటేలు. ముసలాయన, కోపిష్టి కాడు. అందుకే ఇంకా భయమేసింది.

"నేనేం చెయ్యలే పటేలా. గని ఇమానం చెయ్య. నా బిడ్డ ఉత్తమనిషి గాదు, నిండు మనిషి. ఇయ్యాల రేపు నీళ్ళాడేటట్టున్నది. దాని మీద ఒట్టు ఎట్ల పెట్టాలె?"

"తప్పు చెయ్యనోళ్ళకు భయమెందుకే?" అని వెనకనుంచి ఒకడు.

అందరూ తలలూపారు. చెయ్యనంటే చేసినట్టే. ఆ ఊరి లెక్క అంత సూటిగా ఉంది. ఫ్యాక్టరీ ఫస్ట్ షిఫ్టు విడిచే సైరన్ మోగగానే మిగతా మగవాళ్ళు వస్తారు, అంతదాకా ఆమెకి గడువు. ఫోను కావాలంటే ఫ్యాక్టరీ గేటుదాకా పోవాలి. నేను పోయి వచ్చేలోపు ఏం జరుగుతుందోనని కదలలేకపోయాను.

నాకు నోరు ఊరుకోదు. అది పుట్టుకతో వచ్చిన రోగం. జనాన్ని తోసుకుని ముందుకెళ్ళాను.

"పటేలా, ఆమె చేసిందని అన్నది కిష్టయ్య. ముందుగాల ఆయన చెయ్యాలె ఇమానం. చేసింది బాలవ్వనే, నాకు ఎరుకే అని ఆయన బిడ్డ మీద చెయ్యమనున్రి."

జనం గుసగుసలాడారు. కిష్టయ్య ముందుకొచ్చాడు. పళ్ళెంలోకి చెయ్యి పెట్టాడు. బియ్యం పిడికిట్లో పట్టుకున్నాడు. అతని కూతురు అక్కడే, తల్లి కొంగు పట్టుకుని నిలబడింది. అతను ఆ పిల్లని చూశాడు, పిడికిలి విప్పాడు. గెలిచానని నేను అనుకునేలోపే నావైపు తిరిగాడు.

"నువ్వు చేస్తవా మేడం? ఆమె ఏం చెయ్యలేదని నీ బిడ్డ మీద నువ్వు చేస్తవా?"

చేతబడి లేదని నాకు తెలుసు. రెండూ రెండూ నాలుగని ఒట్టు వెయ్యడానికి భయమెందుకు? కిందటి వారమే క్లాసులో, ప్రమాణం నిజంలో ఏమీ కలపదు, అబద్ధం నుంచి ఏమీ తియ్యదు అని బల్ల గుద్ది చెప్పాను. కానీ మొన్న చలికాలంలోనే సుధకి టైఫాయిడ్ వచ్చి తగ్గింది. ఒళ్ళు కాలుతుంటే అది నా వేలు పట్టుకుని పడుకున్న తీరు కళ్ళముందు ఆడింది. దూరంగా సైరన్ మోగింది.

"పొయ్యున్రి నీళ్ళు," అన్నాను.

బిందెడు నీళ్ళు నెత్తిమీద పడ్డాయి. బియ్యం పట్టుకుని, బాలవ్వ ఎవరికీ ఏ హానీ చెయ్యలేదని, నా బిడ్డ సుధ మీద ఒట్టని చెప్పాను. బాలవ్వ "వద్దు బిడ్డా, వద్దు" అని ఏడుస్తూనే ఉంది.

పటేలు ప్లయరు తీసి ఎవరి చేతికో ఇచ్చాడు. "ఇగ పోచమ్మ సూసుకుంటది. వచ్చే అమావాస్య దాక పంతులమ్మ బిడ్డ మంచిగుంటే బాలవ్వ మంచిది. పిల్లకేమన్న అయితే..." అని ఆపేశాడు. ఆపకపోతేనే బాగుండేది.

ఆ రోజునుంచి నాకు నిద్ర లేదు. మా ఆయనకి చెప్పలేదు, చెబితే చంపేవాడు. సుధ తుమ్మితే నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేదాన్ని. మెట్లెక్కుతుంటే వెనకే నడిచేదాన్ని. క్లాసులో భక్తి వేరు, మూఢనమ్మకం వేరు అని చెబుతూనే కిటికీలోంచి ఇంటిదిక్కు చూసేదాన్ని. నవ్వుకోండి, పరవాలేదు.

సంతకి వచ్చినప్పుడల్లా బాలవ్వ మా ఇంటికొచ్చేది. గుమ్మం దగ్గర నిలబడి, "బిడ్డ మంచిగున్నదా?" అనేది. సుధ ఆడుకోవడం చూసి, గోంగూర కట్ట అక్కడ పెట్టి వెళ్ళిపోయేది. చాయ్ ఇస్తానన్నా ఆగేది కాదు.

అమావాస్య ఇంకా పది రోజులుందనగా సుధకి జ్వరం వచ్చింది. నాలుగోనాటికి ఒంటినిండా ఎర్రటి దద్దు. డాక్టరు తట్టు అన్నాడు, పిల్లలకి వచ్చేదే, భయం లేదన్నాడు. ఆయనకేం తెలుసు! తలుపులు మూసుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం బాలవ్వ వచ్చింది. దాచాలనుకున్నాను, కానీ సుధ మూలుగు గుమ్మందాకా వినిపిస్తోంది. ఆమె లోపలికొచ్చి మంచం పక్కన కూర్చుని పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"చెయ్యి తియ్యి!" అని అరిచాను.

ఆ అరుపు నాదే. ఆ క్షణంలో నేను కూడా నమ్మాను. ఈమె నిజంగానే చేసిందేమో, నేను అబద్ధపు ఒట్టు వేశానేమో, నా బిడ్డని నేనే అప్పజెప్పానేమో అనుకున్నాను. ఇన్నేళ్ళు చదివిన చదువంతా ఆ గదిలో ఎటుపోయిందో తెలియదు. కిష్టయ్యకీ నాకూ అప్పుడు తేడా లేదు. నా చేతిలో ప్లయరు లేదు, అంతే.

బాలవ్వ చెయ్యి తీసేసింది. కోపం తెచ్చుకోలేదు. "ఊరికి తెలిస్తే నా పండ్లు పోతయి. పోతే పోనియ్," అంది మెల్లగా. "గది గాదు బిడ్డా నా భయం. నా కోసం నువ్వు ఒట్టు పెడితివి. పిల్లకేమన్న అయితే, నేను నిజంగనే చేసినదాన్ని అయిత గద."

అప్పుడే తలుపు చప్పుడైంది. సందులోంచి చూస్తే కిష్టయ్య. ఊరు పంపింది, పిల్లని కళ్ళతో చూసి రమ్మని. బాలవ్వ లేచి వంటింట్లోకి కూడా పోలేదు. అక్కడే, నేల మీద, మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుంది. తలుపు తీసి "జ్వరమొచ్చింది" అనే రెండు మాటలు చాలు. మళ్ళీ తడిబట్టలు, మళ్ళీ ఆ అరుగు. కిష్టయ్య నా ముఖంలోకి చూస్తున్నాడు.

"పాప మంచిగున్నదా మేడం?"

"మంచిగున్నది. పండుకున్నది," అన్నాను.

నా వెనకనుంచి సుధ "అమ్మా, మంట" అని ఏడ్చింది.

కిష్టయ్య విన్నాడు. గడప మీదున్న బాలవ్వ చెప్పుల్ని కూడా చూశాడు. నా చేతులు తలుపుని గట్టిగా పట్టుకున్నాయి. ఇంట్లో తన పెళ్ళాం కూడా రోజూ అదే మాటని ఏడుస్తుందని గుర్తొచ్చిందో, బియ్యం వదిలేసిన తన చెయ్యి గుర్తొచ్చిందో నాకు తెలియదు.

"పండుకోనీ మేడం. లేపకు," అని చెప్పి వెళ్ళిపోయాడు.

అమావాస్య నాడు ఊళ్ళో ఏం జరిగిందో బాలవ్వే వచ్చి చెప్పింది. అప్పటికి సుధ దద్దు మాని, మంచం మీద కూర్చుని పెరుగన్నం తింటోంది. పటేలు కిష్టయ్యని తడిబట్టలతో పోచమ్మ ముందు నిలబెట్టి అడిగాడట. కిష్టయ్య ఈసారి పిడికిలి విప్పలేదట. పంతులమ్మ బిడ్డకి ఏ రోగమూ లేదు, కండ్లార చూసొచ్చిన, నా బిడ్డ మీద ఒట్టు అన్నాడట.

పీహెచ్‌డీ పూర్తిచేశాను. "భయం నుంచి నీతి పుట్టదు" అన్న మొదటి వాక్యాన్ని కొట్టేశాను. దాని బదులు ఏం రాశావని మా గైడు అడిగితే, రాయలేదు సార్, ఖాళీగా ఉంచానన్నాను. తర్వాత చాలా ఏళ్ళు పాఠం చెప్పాను. మనిషి చెడు దగ్గర ఎందుకు ఆగుతాడని పిల్లలు అడిగినప్పుడల్లా ఈ కథే చెప్పాను. నా బిడ్డ కోసం భయపడ్డప్పుడు నేనేం చెయ్యగలనో నాకు తెలుసు. ఆ "చెయ్యి తియ్యి" నా చెవుల్లో ఇంకా ఉంది. పక్కవాళ్ళ బిడ్డ కోసం భయపడ్డప్పుడు మనిషి ఏం చెయ్యగలడో మాత్రం నాకు ఆ ఇద్దరే నేర్పారు.

ఆ అమావాస్య మర్నాడు బాలవ్వ మొదటిసారి మా ఇంట్లో చాయ్ తాగింది. సగం తాగి, గ్లాసు కింద పెట్టి లేచింది.

"అప్పుడేనా అవ్వా? ఇగ భయం తీరె గద," అన్నాను.

"యాడ తీరె బిడ్డా! కిష్టయ్య నా కోసం వాని పిల్ల మీద అబద్ధపు ఇమానం చేసె. ఇగ రోజూ పొయ్యి దాన్ని సూసి రావాలె."