మిస్త్రీ అరచేయి

అరవైల మొదట్లో నేను కొత్తగా నర్సునయ్యాను. టీకాలు వేయడానికి డ్రైవరూ నేనూ పాత పికప్ బండిలో మర్రిగూడ వైపు ఊళ్ళకు వెళ్ళేవాళ్ళం. ఒక పొద్దున బండి గుట్ట ఎక్కలేక ఆగిపోయింది. పొగగొట్టం టపటపా పేలింది. రేడియేటర్‌లో నీళ్ళు సలసల కాగాయి.

“నిన్న ఇంజన్ల నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు మార్చిన, నర్సమ్మా. టైమింగ్ తప్పింది. రవ్వ ఆలస్యంగ పడుతాంది,” అన్నాడు డ్రైవరు. బండిని వెనక్కి జార్చుకుంటూ గుట్ట కిందున్న ఒక కొట్టం ముందు ఆపాడు.

అక్కడ ఆయిలింజన్లు బాగుచేసే ముసలి మిస్త్రీ ఉన్నాడు. బావిలో బండ పేల్చినప్పుడు ఆయన రెండు చెవులూ పోయాయట.

“వినపడని మనిషి ఇంజను ఎట్లా చూస్తాడు?” అన్నాను.

“జర చూడుండ్రి,” అన్నాడు డ్రైవరు.

ఇంజను చల్లారాక మిస్త్రీ ఒక ప్లగ్గు విప్పి, ఆ రంధ్రం మీద బొటనవేలు పెట్టాడు. డ్రైవరు బండి ముందు స్టార్టింగ్ హ్యాండిల్ పెట్టి ఇంజన్ని మెల్లగా తిప్పాడు. వేలికి గాలి తన్నగానే మిస్త్రీ తలూపి, ఇంజను కింది చక్రం మీది గీతను పక్కనున్న గుర్తుకు ఎదురుగా నిలిపించాడు. చిన్న బల్బుకు రెండు వైర్లు తగిలించి, ప్లగ్గులకు నిప్పురవ్వ పంచే డిస్ట్రిబ్యూటర్‌ను గోటి మందం తిప్పాడు. బల్బు వెలిగింది. అక్కడే బిగించి ప్లగ్గు పెట్టేశాడు.

ఇంజను మొదలైంది. ఆయన మడ్‌గార్డు మీద అరచేయి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

“గీడ చెయ్యి పెట్టు బిడ్డా,” అన్నాడు గట్టిగా. పెట్టాను. నాకు వణుకు తప్ప ఏమీ తెలియలేదు.

గుట్ట మీదిదాకా తానూ వస్తానని బండెక్కి, ముందు రేకు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. సగం ఎక్కాక చటుక్కున ఆపమన్నాడు.

“ఏమైంది? మంచిగనే పోతాంది కదా!” అన్నాడు డ్రైవరు సైగ చేస్తూ.

“లోపట గలగలంటాంది. జర ముందుగాల పడుతాంది రవ్వ.”

మళ్ళీ కదిలించాక చెవి ఒగ్గి విన్నాను. నిజమే, డబ్బాలో గులకరాళ్ళు కదిలినట్టు సన్నటి చప్పుడు. చెవులున్న మా ఇద్దరికీ అంతదాకా అది అందలేదు. బండి ఆపించి ఆయన డిస్ట్రిబ్యూటర్‌ను వెంట్రుకవాసి వెనక్కి జరిపాడు. ఆ తర్వాత బండి ఆ గలగల లేకుండా గుట్టెక్కింది.

పైన మిస్త్రీ దిగిపోయాడు. దింపి వస్తామంటే చెయ్యి అడ్డంగా ఊపి, వచ్చిన దారినే నడిచాడు. ఊళ్ళో జనం ఎదురుచూస్తున్నారని తెలిసినా డ్రైవరు బండి కదిలించలేదు. ఆయన మలుపు తిరిగేదాకా చూస్తూ కూర్చున్నాడు. నేనూ తొందరపెట్టలేదు.