మా యారాలి కొండబూట్లు

మా పెద్ద యారాలు పోయింది. నా భర్త అన్నకు భార్య. మా నిజామాబాద్ వైపు తోటికోడలిని యారాలనే అంటాం. మాక్లూర్ దగ్గర మా చేలో పసుపు కొమ్ములకు పాలిష్ పట్టిస్తూ, జర దమ్ము తీసుకుంటానని కూర్చుందట. కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయిందట. చేలో పనిచేసే ఆమె ఫోన్ చేసి, "పెద్దమ్మ లేస్తలేదమ్మా" అంది. నేను టౌన్లో ఇంట్లో టీ తాగుతున్నాను. నిజం రాస్తాను, మీరు ఏమైనా అనుకోండి. కన్నీళ్ళకంటే ముందు నాకొక ఆలోచన వచ్చింది. దీంట్లో కూడా నన్ను వెనక్కి నెట్టింది కదా అని. మంచం పట్టలేదు, ఒకరి చేత నీళ్ళు తాగించుకోలేదు. తన కాళ్ళ మీద తాను నడిచి వెళ్ళి, కూర్చుని, పోయింది.

ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచీ ఆమెను చూసి కుళ్ళుకుంటూనే ఉన్నాను. నిజానికి కుళ్ళుకోవాల్సింది ఆమె. మాది బోధన్. మా బాపు చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, క్వార్టర్స్‌లో పెరిగాను, తెల్లటి కాన్వాస్ బూట్లు వేసుకుని బడికి పోయాను, డిగ్రీ చదివాను. ఆమెది వర్ని దగ్గర పల్లె. ఏడో తరగతితో ఆపేసి, చెప్పుల్లేకుండా వరి మడుల్లో తిరిగిన మనిషి. బావగారు పోయినప్పుడు ఆమెకు నలభై దాటాయంతే. పుస్తె, మట్టెలు తీసేశాక రెండేళ్ళు చేను తప్ప ఇంకో లోకం లేకుండా బతికింది. తర్వాత షుగర్ వచ్చింది, డాక్టరు నడవమన్నాడు. పొద్దున గ్రౌండ్‌లో నడిచే ఆడవాళ్ళ గుంపులో కలిసింది. ఆ గుంపు ఏడాదికోసారి హిమాలయాలకు పోతుందని, ఈసారి తానూ పోతానని ఒకరోజు అన్నం వడ్డిస్తూ చెప్పింది.

భర్త పోయిన మనిషికి కొండలెందుకని మా అత్త వారం రోజులు గొణిగింది. తీరా ఆమె పోయి, మంచులో నిలబడి దిగిన ఫోటో వచ్చాక, అదే అత్త ఆ ఫోటోను కూరగాయలమ్మకు కూడా చూపించింది. నా డిగ్రీ పట్టాను ఆమె ఏనాడూ ఎవరికీ చూపలేదు. నా కడుపుమంట అసలు అక్కడ మొదలైంది.

మా యారాలి బూట్ల సంగతి చెప్పాలి. కొండకు పోయే బూట్లు కొనడమంటే ఆమెకు పెళ్ళి సంబంధం చూసినంత పని. పొద్దున దుకాణానికి పోయేది కాదు. పగలంతా చేలో తిరిగి, కాళ్ళు ఉబ్బాక, సాయంత్రం పోయేది. "పొద్దుగాల కాలు అబద్ధం జెప్తది, మాపటికి నిజం జెప్తది" అనేది. కొండ మీద తొడిగే లావు ఉన్ని మేజోళ్ళు సంచిలో వెంట తీసుకుపోయి, వాటితోనే బూటు తొడిగేది. లేసు కట్టకుండా కాలును ముందుకు నెట్టి, మడమ వెనకాల వేలు దూరుతుందా అని చూసేది. లేసు కట్టి నడిస్తే మడమ లేవకూడదు. ఆ తర్వాత దుకాణం మెట్లు మూడుసార్లు దిగేది. "ఎక్కెటప్పుడు అన్ని బూట్లు మంచియే. దిగెటప్పుడు తెలుస్తది" అనేది. కొన్నాక నెల రోజులు ఆ బూట్లతోనే చేనుకు, మార్కెట్ యార్డుకు, ఖిల్లా మెట్లకు పోయేది. చీర కింద ఆ బూట్లు చూసి మాక్లూర్ హోటళ్ళ దగ్గర జనం నవ్వేవాళ్ళు. ఆమె కూడా వాళ్ళతో కలిసి నవ్వేది. ఇంటికి వచ్చాక లోపలి అట్టలు తీసి, పాత పేపర్లు కుక్కి, నీడన ఆరబెట్టేది. మళ్ళీ తొడిగే ముందు తలకిందులు చేసి దులిపేది, తేలు ఉంటుందేమోనని.

మూడో ఏడు నేనూ వస్తానన్నాను. కొండల మీద ప్రేమతో కాదు. ఆమె ఒక్కతే చూస్తున్నదేదో నేనూ చూడాలి, అంతే. ఆమె మాత్రం చిన్నపిల్లలా సంబరపడింది. నన్ను వెంటబెట్టుకుని ఒక సాయంత్రం గాంధీచౌక్ వైపు దుకాణానికి తీసుకుపోయింది.

ఆమె పాత బూట్లు అరిగిపోయాయి, తనకూ ఒక జత కావాలంది. వరి మడుల్లో పెరిగిన పాదాలు కదా, వెడల్పు. ఆడవాళ్ళ బూట్లు ఒక్కటీ పట్టలేదు. మగవాళ్ళ జత తీయించింది. సేటు మొహమాటపడుతుంటే, "కాలుకు ఆడ మగ ఏముంటది సేటూ, పట్టాలె గంతే" అంది. దుకాణంలో అందరూ ఆమెనే చూస్తున్నారు, మెచ్చుకోలుగా. నాకేమో వంగపండు రంగు జత ఒకటి నచ్చింది. సన్నగా, ముచ్చటగా ఉంది. తొడుక్కుంటే మట్టెలు ఉన్న వేలు ముందుభాగంలో ఒరుసుకుంది. అయినా సరిగ్గా ఉందన్నాను.

ఆమె నేల మీద గొంతుకూర్చుని, బూటు ముందుభాగం నొక్కి చూద్దామని చేయి చాచింది. నేను కాలు వెనక్కి లాక్కున్నాను. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ కాలు పట్టుకుంటే ఆయుష్షుకు మంచిది కాదన్నాను. అది పైమాట. పదిమంది ముందు ఏడో తరగతి మనిషి నాకు నేర్పుతుంటే ఓర్వలేకపోయాను, అది అసలు మాట.

"ముందట వేలు తగుల్తున్నది చెల్లె. వెడల్పుది ఇంకోటి సూడు" అంది ఆమె.

"నీకైతే మట్టెలు లేవక్కా. నీ కాలుకు ఏదైన పడ్తది" అన్నాను.

అన్నాక గాని నేనేమన్నానో నాకు తెలియలేదు. ఆమె లేచి, "గవ్వే ప్యాక్ చెయ్యి సేటూ" అంది. దారంతా పసుపు రేటు గురించి మాట్లాడింది. నేను ఊ కొట్టాను. ఇంట్లో నా బూట్లు డబ్బా తీయకుండా అల్మారాలో పెట్టాను, కొత్తవి కొత్తగానే ఉండాలని. ఆమె ఒక్కసారి, తొడిగి తిరగమని చెప్పింది. రెండోసారి చెప్పలేదు.

ఉత్తరాఖండ్ కొండల్లో మొదటి రోజు ఎక్కుడు, బాగానే ఉంది. రెండో రోజు వాగులోకి దిగుడు. ప్రతి అడుగుకూ మట్టె వేలిలోకి దిగింది. మధ్యాహ్నం గుడారంలో బూటు తీస్తే మేజోడు ఎర్రగా తడిసి ఉంది. బూట్లు మంచివి కావని, దుకాణం వాడు మోసం చేశాడని తిట్టాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. ఆమె వేడినీళ్ళు తెచ్చి, ఈసారి అడగకుండానే నా కాలు ఒడిలో పెట్టుకుని కడిగింది. వేలు ఉబ్బి మట్టె ఇరుక్కుపోయింది. అది తీస్తే తప్ప కట్టు కట్టడం కుదరదు. ఆమె వేళ్ళు మట్టె దాకా వచ్చి ఆగిపోయాయి. చేయి వెనక్కి తీసుకుని, బయటికి చూసి, మా గుంపులోని బాల్కొండ టీచరమ్మను పిలిచింది.

"జర ఈమె మట్టెలు నువ్వు తియ్యి. నా సెయ్యి వద్దు" అంది.

టీచరమ్మ సబ్బు రాసి తీసింది. అప్పుడు అర్థమైంది నాకు. దుకాణంలో వెడల్పు జత చూడమంది గాని, మట్టెలు తీసెయ్యమని ఎందుకు అనలేదో. భర్త పోయిన నోటితో ఇంకో ఆడదానికి ఆ మాట చెప్పగూడదని మింగింది. ఆ మింగిన మాటనే నేను తీసి ఆమె మొహం మీద కొట్టాను. "అక్కా, ఆ రోజు నేను..." అని మొదలుపెట్టాను. "ముందుగాల కాలు సల్లవడనియ్యి" అని కట్టు బిగించింది.

తెల్లారి వాళ్ళు పైకి పోయారు, నేను వంటవాడి దగ్గర మిగిలాను. ఇంత తెలిసాక కూడా, దూరంగా మలుపులో ఆ మగబూట్లు ఎక్కిపోతుంటే నా కళ్ళల్లో నిప్పులు పోసుకున్నట్టే ఉంది. సాయంత్రం ఎర్రగా కందిన మొహంతో దిగి వచ్చింది. పైన ఎట్లుందని అడిగాను. "మీ బోధన్ల చెక్కర కుప్పవోసినట్టుండె చెల్లె. కాలువెడ్తె గట్లనే కరకరమన్నది" అంది. మా బోధన్ చక్కెర పోలిక కూడా ఆమెకే దక్కింది. ఆ మాట నా కోసమే అక్కడి నుంచి మోసుకొచ్చిందని ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు.

తర్వాత ప్రతి ఏడూ అడిగింది, వస్తావా అని. పసుపు ఉడకబెట్టాలని ఒకసారి, మోకాళ్ళని ఒకసారి సాకులు చెప్పాను. ఆమె ఫోటోలు పంపేది, చూసి ఊరుకునేదాన్ని. ఆ రోజు మొదలుపెట్టిన మాట పూర్తి చేయడానికి రోజూ ఒకే వంటింట్లో ఉండి కూడా వీలు చేసుకోలేదు.

మొన్న చేను నుంచి తీసుకొచ్చి, వాకిట్లో బల్ల మీద పడుకోబెట్టి నీళ్ళు పోశాం. కాళ్ళు కడిగే వంతు నాది. పాలిష్ డ్రమ్ము తిరుగుతుంటే లేచిన పొడి ఆమె పాదాల మీద, గోళ్ళ చుట్టూ, వేళ్ళ సందుల్లో పచ్చగా పట్టుకుని ఉంది. బావగారు పోయిన నాటి నుంచి ఆ కాళ్ళకు ఎవరూ పసుపు పెట్టలేదు. పేరంటాల్లో పసుపు గిన్నె పట్టుకుని వచ్చే ఆడవాళ్ళు నా కాళ్ళ దగ్గర వంగి, ఆమెను దాటి పోయేవాళ్ళు. దాటడానికి వాళ్ళకు ఇబ్బంది కాకుండా ఆమే ముందుగా గోడకు జరిగి నిలబడేది.

వెనక నుంచి మా చిన్నత్త, "మంచిగ రుద్దు బిడ్డా, గా పసుపు ఉండొద్దు" అంది.

రెండు చెంబులు పోశాను. అన్ని కొండలు ఎక్కిదిగిన పాదాలకు ఒక్క పగులు లేదు, ఒక్క కాయ లేదు. నా రెండో వేలి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ నీళ్ళల్లో, ఆ ఏడుపులో కూడా వాటిని చూసి అసూయ పడ్డాను. ఆ రోజు దుకాణంలో అన్న మాటకు మన్నించమని లోపల్లోపలే అడిగాను. తర్వాత రుద్దడం ఆపేశాను.

"పోతలేదత్తా" అన్నాను.

బొటనవేళ్ళు రెండూ కలిపి తెల్లదారంతో కట్టాను. పచ్చటి పాదాలతోనే ఆమెను వాకిలి దాటించారు.