నాన్న పోసిన సిరా

పంతొమ్మిదివందల నలభైల్లో ఒక మధ్యాహ్నం కాజీపేటలో రైలెక్కాను. నా సంచిలో నాన్న కలం ఉంది. ఆయన పోయినప్పటినుంచి అది రాయడం లేదు. ఎదుటి బల్ల మీద ఒక పెద్దాయన ఒళ్లో గుడ్డ పరుచుకుని, విప్పిన పాత కలం ముక్కలు తుడుస్తున్నాడు. హనుమకొండలో బట్టల దుకాణం ఉందట. ఆయన్ని చూసి నా కలం బయటికి తీశాను.

"సచ్చిన కలాలు ఏరి తెచ్చి బతికిచ్చుడు నా షౌక్ బిడ్డా. జర చూపియ్యి," అన్నాడు.

"మా నాయినది తాతా. ఆయన లేడిప్పుడు."

కలాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. పాళీ ఊడదీసి, తుడిచి, చీలిక సరిచేశాడు. గొట్టంలో సిరా ఎండి అంటుకుపోయింది. తన చెంబులోని నీళ్లు చుక్కచుక్కగా పోసి, మూసి మెల్లగా ఊపాడు. నీళ్లు నీలంగా మారాయి. పారబోయడానికి కిటికీలోంచి చెయ్యి చాపినవాడు, ఆగి నా వైపు తిరిగాడు.

"ఈ సిరా పోసింది మీ నాయినేనా?"

తలూపాను.

"గట్లయితే ఉండనియ్యి. కొత్త సిరా ఎప్పుడన్న పోసుకోవచ్చు. ముందుగాల దీంతోనే రాయి," అంటూ పాళీ బిగించి ఇచ్చాడు.

నెక్కొండలో దిగిపోయాడు. కలాలు బాగుచేసేవాళ్లను తర్వాత చాలామందిని చూశాను. కడిగేముందు అలా ఆగి అడిగినవాళ్లు మళ్లీ కనిపించలేదు.

ఇంటికి వెళ్లి ఆ లేతనీలం సిరాతో అమ్మ పేరు రాశాను. అమ్మకు చదువు రాదు. అది నాన్న పోసిన సిరా అని చెప్పగానే కాగితం అందుకుంది. పొద్దుగూకేదాకా కింద పెట్టలేదు.