రాళ్లబోడులో తొంభై ఏడుగురు

ఎర్రచెలకల నడుమ ఒంటరిగా లేచిన గుట్ట మీద ఉంటుంది రాళ్లబోడు. కింద ఏ దిక్కున నిలబడి చూసినా గుట్ట కనిపిస్తుంది గానీ ఊరు కనిపించదు. పైకెక్కితే మూడు వాడలు, నలభై ఒక్క ఇళ్లు, అన్నీ గొర్రెలు కాసే కురుమలవే. గొర్రెలకు గడ్డికి లోటు లేదు, మనుషులకు గాలికి లోటు లేదు. లోటల్లా నీళ్లకే. పడ్డ వాన పడ్డట్టే బండల మీదుగా జారి కిందికి పోయేది. ఎండాకాలం వచ్చిందంటే ఆడవాళ్లు రెండు మైళ్లు దిగి, వాగు ఇసుకలో చెలిమె తీసి, ఊరిన నీళ్లను ముంతతో కుండలోకి ఎత్తుకుని, మళ్లీ ఆ గుట్టంతా ఎక్కి రావాలి.

ఆ ఊరికి పెద్దకురుమ గుర్వయ్య. యాభై దాటిన మనిషి. పొడుగ్గా, ఎండకు కాలిన తుమ్మమొద్దులా ఉండేవాడు. కులంలో తగువు వస్తే ఆయన తన నల్లగొంగడి పరిచేవాడు. తగువులో ఉన్నవాడు చెప్పులిడిచి దాని మీద నిలబడి, బీరప్ప దేవుణ్ణి తలుచుకుని నిజం చెప్పాలి. గొంగడి మీద నిలబడి చెప్పిన మాటకు ఇంకో సాక్షి అక్కర్లేదు. అట్లా ఎన్ని గొర్రెల తగువులు, ఎన్ని ఆలుమగల తగువులు తీర్చాడో ఆయనకే లెక్క లేదు.

గుర్వయ్యకు తండ్రి నేర్పిన విద్య ఇంకోటి ఉంది. నైజాం కాలంలో దొర మనుషులు ఇళ్లు లెక్కబెట్టడానికి గుట్టెక్కేవాళ్లు. ఎంతమంది మగవాళ్లు కనిపిస్తే అంతమందికి వెట్టి. గడీకి కట్టెలు మోయాలి, దొర ప్రయాణమైతే సవారీ మోయాలి. అందుకని వాళ్లు గుట్ట మొదట్లో ఉండగానే తండ్రి ఒక ఈల వేసేవాడు. ఆ ఈలకు సగం ఊరు గొర్రెలతో సహా గుట్ట వెనక లోయలోకి దిగిపోయేది. "వలస పోయిండ్రు దొరా" అని తండ్రి చేతులు కట్టుకుని చెప్పేవాడు. తర్వాత నైజాం పోయింది, దొర పట్నం చేరాడు, గడీలో గబ్బిలాలు చేరాయి. ఈల మాత్రం గుర్వయ్య నోట్లోనే ఉండిపోయింది.

పందొమ్మిది వందల అరవై ఒకటి, ఫిబ్రవరి నెల. కింద వాగుపల్లి బడిలో చెప్పే అమరేందర్ సారు జనాభా లెక్కలు రాయడానికి గుట్టెక్కాడు. ఇరవై మూడేళ్ల కుర్రాడు. చంకలో కాగితాల కట్ట, చేతిలో జాజు కలిపిన డబ్బా. ప్రతి తలుపు మీదా ఎర్రగా ఒక నంబరు వేస్తూ వస్తున్నాడు. ఆయన సగం గుట్ట ఎక్కేలోపే గుర్వయ్య ఈల వేశాడు. సారు వచ్చేసరికి ఇరవై మూడు ఇళ్లకు ముళ్లకంప అడ్డం పెట్టి ఉంది.

"ఈ ఇండ్లల్ల ఎవరుంటరు పెద్దయ్యా?" అని అడిగాడు అమరేందర్, చెమట తుడుచుకుంటూ.

"ఎవ్వరుండరు సారూ. వలస పోయిండ్రు, కృష్ణ ఒడ్డుకు."

"మళ్ల ఎప్పుడొస్తరు?"

"రారు. ఆడనే జాగా చూసుకున్నరు. గీ గుట్ట మీద ఏమున్నదని వస్తరు?"

సారు చేతిలో కలం ఆగింది. "వచ్చే వారం నేను మళ్ల ఎక్కి సరిచూడాలె. రెండుసార్లు చూడాలని రూలు."

ఆయన కాలికి చెప్పు తెగి ఉంది. మడమ మీద బొబ్బ. గుర్వయ్యకు జాలేసింది. జాలితో పాటు, ఈసారి కూడా గెలిచేశానన్న హుషారూ వచ్చింది. ఆ వాడలో అప్పుడు వాళ్లిద్దరే ఉన్నారు. భుజం మీది గొంగడి తీసి నేల మీద పరిచి, దాని మీద నిలబడ్డాడు.

"బీరప్ప సాక్షిగ చెప్తున్న సారూ. గా ఇండ్లల్ల మనుషులు లేరు. నీకు మళ్ల ఎక్కే కష్టమెందుకు?"

అమరేందర్ వాగుపల్లిలో మూడేళ్లుగా ఉంటున్నాడు. గొంగడి మీద మాట అంటే ఏమిటో విని ఉన్నాడు. ఇంకేం అడగకుండా కాగితం మీద రాసుకున్నాడు. పద్దెనిమిది ఇళ్లు, తొంభై ఏడుగురు.

సర్కారుతో ఆడిన అబద్ధం అబద్ధమెట్లా అవుతుందని గుర్వయ్య ఆ పూట తనకు తాను చెప్పుకున్నాడు. సర్కారు మనిషి కాదు గదా.

వారం తిరగకముందే కింది ఊరి నుంచి నిజం తెలిసివచ్చింది. ఈ లెక్క వెట్టికి కాదు, ధాన్యం లెవీకి కాదు. బడులకూ బావులకూ దీన్నే చూస్తారట. ఊరంతా సంబరపడింది. "సారు రెండోసారి వస్తడు గద, అందరం ఇండ్ల ముంగటనే కూసుందం" అనుకున్నారు. రెండు రోజులు గొర్రెలను కూడా దూరం తోలలేదు. సారు రాలేదు. ఎందుకు రాలేదో గుర్వయ్య ఒక్కడికే తెలుసు. దిగి వెళ్లి చెప్పి రావడం ఎంతసేపు? కానీ ఏమని చెప్పాలి, గొంగడి మీద నిలబడి అబద్ధమాడానని చెప్పాలా? ఇవాళ పోదాం, రేపు పోదాం అనుకుంటూ ఉండగానే లెక్కలు ముగిశాయి.

మూడేళ్లు గడిచాయి. అరవై నాలుగు ఎండాకాలంలో పంచాయతీ సమితి వాళ్లు బావులు తవ్విస్తున్నారని తెలిసి, గుర్వయ్య, ఆయన బామ్మర్ది అంజన్న, డెబ్బై ఏళ్ల జానమ్మ ముగ్గురూ ఆఫీసుకు వెళ్లారు. జానమ్మ గుర్వయ్యకు చిన్నమ్మ వరస. ఆమెను ఎవరూ రమ్మనలేదు. "మోసేది మేము, అడిగేది మీరా?" అని కర్ర పట్టుకుని ముందు నడిచింది.

ఆ రోజు పంతుళ్లకు జీతాలిచ్చే రోజు. వరండాలో అమరేందర్ కూడా ఉన్నాడు. అధికారి పుస్తకం తెరిచి వేలితో వెతికాడు.

"రెండు వందల మంది దాటిన ఊళ్లకే ముందు ఇస్తున్నం. మీది తొంభై ఏడు."

"తొంబై ఏడా!" జానమ్మ కర్ర నేల మీద కొట్టింది. "మా వాడల మేకపిల్లలే గంతకన్న ఎక్కువుంటయి. మమ్ముల రాసినవా, మేకల రాసినవా బిడ్డా?"

గుమాస్తాలు నవ్వారు. అధికారి నవ్వలేదు. లెక్క రాసిందెవరని అడిగి అమరేందర్‌ను లోపలికి పిలిపించాడు.

"రెండోసారి ఎక్కినవా?"

"ఎక్కలేదు సార్. ఈ పెద్దయ్య గొంగడి మీద నిలబడి ఒట్టేసిండు. నమ్మిన."

"ఒట్టేసినవా?" అధికారి గుర్వయ్య వైపు తిరిగాడు.

ఒక పక్క అంజన్న చూస్తున్నాడు, ఇంకో పక్క జానమ్మ చూస్తున్నది. అమరేందర్ ఒక్కడే చూడటం లేదు. జవాబు ఏమొస్తుందో తెలిసినవాడిలా నింపాదిగా నిలబడ్డాడు. గుర్వయ్య అధికారి బల్ల వైపు చూస్తూ అన్నాడు.

"నాకు యాదికి లేదు దొరా."

దొరా అన్న మాట ఎట్లా వచ్చిందో ఆయనకే తెలియదు. అప్పుడు అమరేందర్ తలెత్తి చూశాడు. కోపంగా కాదు. ఇంకెవరినో చూసి గుర్వయ్య అనుకున్నానా అన్నట్టు చూసి, తల దించుకున్నాడు.

దారి పొడుగునా జానమ్మ సారును తిడుతూనే ఉంది. "పనిదొంగ! గుట్టెక్కుడు చేతగాక ముసలోని మీద పెడ్తడా!" అంజన్న వంత పాడాడు. గుర్వయ్య వాళ్లకు పది అడుగుల వెనక నడిచాడు. మూడు వారాల్లో అమరేందర్‌కు పనిలో అశ్రద్ధ అని రాసి, ఆత్మకూరు దిక్కు ఒక పల్లెకు బదిలీ చేశారు. వాగుపల్లి బడికి తాళం పడింది. తలుపుల మీది జాజు నంబర్లు వానలకు వెలిసిపోయాయి గానీ, వాటి పక్క నుంచి పోయేటప్పుడు గుర్వయ్య కళ్లు కాళ్ల మీదే ఉండేవి.

వానాకాలం మొదట్లో మైసయ్యకూ లచ్చయ్యకూ ఒక పొట్టేలు మీద తగువు వచ్చింది. నాదంటే నాదని ఇద్దరూ. కులం కూర్చుంది. గుర్వయ్య గొంగడి పరిచాడు. మైసయ్య చెప్పులిడిచి కాలు ముందుకు పెట్టబోతుంటే, గుర్వయ్య చటుక్కున వంగి గొంగడి కొస పట్టుకున్నాడు.

"ఆగురా. దీని మీద నిలబడకు."

"ఏమైంది బావా?" అన్నాడు అంజన్న.

"ఇది మైల పడ్డది. నేనే చేసిన." గొంగడిని తన వైపు లాక్కున్నాడు. "లెక్కల సారుకు గీ గొంగడి మీద నిలబడే అబద్ధం చెప్పిన. రెండోసారి రాకుమన్నది నేనే. ఆఫీసుల యాదికి లేదన్నది గూడ అబద్ధమే. గా పిలగాడు నిజం చెప్పిండు."

ఎక్కడో ఒక గొర్రె దగ్గింది. ఆఖరికి జానమ్మే లేచింది.

"అయితే మూడేండ్ల సంది నా నెత్తి మీద కుండ పెట్టింది నువ్వా గుర్విగా? మూడు నెలల సంది ఆ పోరణ్ణి నా నోటితోని తిట్టిపిచ్చింది నువ్వేనా?"

"నేనే చిన్నమ్మా."

"థూ!" అంది. ఉమ్మి ఆయన కాళ్ల దగ్గర పడింది. ఆయన కాలు తీయలేదు.

"ఈల విని దాసుకున్నది మనమే గద అత్తా" అని అంజన్న అడ్డం పడబోయాడు. "దాసుకున్నది అందరం, ఒట్టేసింది ఒక్కడు" అంది జానమ్మ. ఆ మాటకు గుర్వయ్య తలూపాడు. తలపాగా తీసి అంజన్న ముందు పెట్టి, ఇక నుంచి తగువులు నువ్వే చెప్పు అన్నాడు. మర్నాడు పొద్దు పొడవకముందే ఒక్కడే నడక మొదలుపెట్టి, రెండో రోజు పొద్దెక్కేసరికి అమరేందర్ కొత్త బడికి చేరాడు.

రేకుల కప్పు కింద పాతికమంది పిల్లలు. అమరేందర్ గుమ్మంలో మనిషిని చూసి గుర్తుపట్టి, పీట వేశాడు. గుర్వయ్య కూర్చోలేదు.

"బాగున్నవా పెద్దయ్యా? ఈ బడి గూడ మంచిగనే ఉంది. ఫికర్ చెయ్యకు."

తిట్టి ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాడు గుర్వయ్య. "ఒక కాయితం రాయి సారూ. సమితికి. నేను వేలు ముద్ర పెడ్త."

అమరేందర్ రాసి చదివాడు. "రాళ్లబోడు నివాసి గుర్వయ్య అను నేను, లెక్కల సమయంలో విషయం తెలియక పొరపాటున..."

"పొరపాటు గాదు సారూ. అబద్ధం అని రాయి."

"అట్ల రాస్తే నిన్ను పిలిచి అడుగుతరు."

"అడగనీ. ఆఫీసుల యాదికి లేదన్నది గూడ రాయి."

"అది అక్కర్లేదు. మొదటిది చాలు."

"చాలదు సారూ."

అమరేందర్ ఆ కాగితం చింపి ఇంకోటి రాశాడు. మెల్లగా, ఆయనకు మాత్రమే వినిపించేట్టు చదవబోయాడు. గుర్వయ్య చెయ్యెత్తి ఆపాడు.

"జర గట్టిగ సదువు. పిలగాండ్లు గూడ ఇననీ."

సారు గట్టిగా చదివాడు. "గొంగడి మీద నిలబడి అబద్ధం చెప్పాను" అన్నచోట ముందు వరసలో ఒక పిల్ల కిసుక్కున నవ్వింది. పక్కపిల్ల దాని నోరు మూసింది. చివరి అక్షరం దాకా గుర్వయ్య తల వంచుకుని నిలబడి, సిరాలో బొటనవేలు ముంచి ఒత్తాడు.

కాగితం సమితికి చేరింది. గ్రామసేవక్ వచ్చి గడప గడపకూ మళ్లీ లెక్క రాసుకున్నాడు. రెండు వందల ముప్పై ఒకరు తేలారు. అరవై ఆరులో బండ పగలగొట్టి బావి తవ్వారు. అమరేందర్ మీద రాసిన మాట కొట్టేశారు గానీ, ఆయన్ను తిరిగి వాగుపల్లికి పంపలేదు. ఆయన బడి ముందు నుంచి ఆత్మకూరు సంతకు దగ్గరి తోవ ఉంది. గుర్వయ్య మాత్రం బతికున్నన్నాళ్లూ గొర్రెలను చుట్టుతోవనే తోలుకుపోయేవాడు.