స్నానశాల గోడ మీద ముప్పై ఆరు పలకలు

తొమ్మిదేళ్లు వెల్కా ఆ అన్యాయాన్ని మోసింది. మోయడమే కాదు, ఏటా మార్చి ఎనిమిదిన, ఆడవాళ్లకి అందరూ పూలిచ్చే రోజున, తనని ముంచినవాళ్లకే జున్ను పొరల బానిత్సా చేసి తినిపించింది.

ఊళ్లో వేడినీటి ఊట మీద కట్టిన మునిసిపల్ స్నానశాలలో పనివాళ్లు ముగ్గురు. టికెట్లు చింపే మీన్చో, గొట్టాలు చూసుకునే గాన్చో, ఆడవాళ్ల వైపు శుభ్రం చేసే వెల్కా. ఆదివారం సాయంత్రం పెద్ద తొట్టి ఖాళీ చేశాక ఎవరో ఒకరు దిగి అడుగున పట్టిన పాచి తోమాలి. రెండున్నర గంటల చాకిరీ. ఆ తర్వాత మంగళవారం దాకా మోకాళ్లు చెప్పిన మాట వినవు.

ఎవరు దిగాలో పాచికలే తేల్చాలని మీన్చో పెట్టిన పద్ధతి. రెండు పాచికలు వేస్తే వచ్చే మొత్తం రెండు నుంచి పన్నెండు దాకా ఏదైనా కావచ్చు. రెండు, మూడు, నాలుగు, అయిదు మీన్చోవి. తొమ్మిది నుంచి పన్నెండు దాకా గాన్చోవి. మధ్యలో మిగిలిన ఆరు, ఏడు, ఎనిమిది వెల్కావి.

"మాకు నాలుగేసి, నీకు మూడే. ఆడమనిషివని తగ్గించాం," అన్నాడు మీన్చో గుండె మీద చెయ్యి వేసుకుని. ఆయన నిజంగానే అలా నమ్మాడు. అదే అసలు చిక్కు.

ఇంత దయ చూపించినా దాదాపు రెండు ఆదివారాలకోసారి తొట్టిలో దిగేది వెల్కాయే. హస్తవాసి మంచిది కాదని మీన్చో జాలిపడ్డాడు. చర్చి నీళ్లు చల్లుకోమన్నాడు. ఎడమచేత్తో వెయ్యమని గాన్చో సలహా. వెల్కా ఎడమచేత్తోనూ వేసింది, కళ్లు మూసుకునీ వేసింది, అదృష్టం కోసం వసంతంలో కట్టుకున్న ఎర్రా తెల్లా దారాన్ని జూన్ దాకా విప్పకుండా ఉంచుకుంది. పాచి మాత్రం ఆమెని వదల్లేదు.

ఈ ఏడాది ఒక పాచిక జారి నీళ్లు పోయే కంతలో పడింది. గాన్చో ఇంటి నుంచి ఇంకోటి తెచ్చాడు. అది ఎర్రది, మిగిలిన పాతది పసుప్పచ్చది. ఆ ఆదివారం పసుపు ఆరు, ఎరుపు ఒకటి పడ్డాయి. ఏడు, వెల్కా దిగింది. తర్వాతి ఆదివారం ఎరుపు ఆరు, పసుపు ఒకటి. మళ్లీ ఏడు, మళ్లీ దిగింది. తోముతూ తోముతూ చీపురు ఆపేసింది. రెండూ ఏడే, కానీ రెండూ ఒకటి కాదు. రెండు పాచికలూ ఒకే రంగులో ఉన్నన్నాళ్లూ ఆ తేడా కంటికి ఆనలేదు.

ఆ మర్నాడే పాటల బృందం పెద్ద ఇస్క్రా కబురు పెట్టింది. వెల్కా ఆ బృందంలో రెండో గొంతు. సాధనలన్నీ ఆదివారం సాయంత్రాలే. జాతరకి మిగిలినవి మూడు. రెండు తప్పినవాళ్లు జాతరలో ముందు వరుస కుర్చీల్లో కూర్చుని చప్పట్లు కొట్టుకోవచ్చట.

వెల్కా ఆడవాళ్ల గదిలో ఎవరో మరిచిపోయిన లిప్‌స్టిక్ తీసుకుంది. గోడకి అతికించిన తెల్ల పింగాణీ పలకల్లో అడ్డంగా ఆరు, నిలువుగా ఆరు ఎంచుకుంది. వరుసలు పసుపు పాచికవి, నిలువులు ఎర్రదానివి. ఒక్కో పలక మీద ఆ రెండూ కలిపితే వచ్చేది రాసింది. ముప్పై ఆరు పలకలు. మీన్చోవి పది. గాన్చోవి పది. తనవి పదహారు. మూడుసార్లు లెక్కపెట్టింది. తొమ్మిది బానిత్సాలు గుర్తొచ్చాయి.

ఆదివారం ఇద్దర్నీ ఆడవాళ్ల గదిలోకి పిలిచింది. లోపల ఎవరూ లేరని రెండుసార్లు ఒట్టు వేయించుకుని గానీ మీన్చో గడప దాటలేదు. గోడ చూసి, లెక్క పలకలది కాదు అంకెలది, ఆమెకి మూడే ఉన్నాయి గదా అన్నాడు.

వెల్కా గాన్చో వైపు తిరిగింది. కాఫీకొట్టు దగ్గర పాచికలాటలో అతన్ని మించినవాడు లేడు.

"గాన్చో, ఆటలో షెష్-బెష్ ఎక్కువ పడుతుందా, దూషెష్షా?"

"అదేం ప్రశ్న అక్కా. షెష్-బెష్షే. ఆరూ అయిదూ రెండింతలు పడుతుంది. దీని మీద ఆరు, దాని మీద అయిదు కావచ్చు, లేదా దీని మీద అయిదు, దాని మీద ఆరు. దూషెష్ అంటే రెండూ ఆరులే, దానికి ఒక్కటే దారి. ఇది పసిపిల్లలకి కూడా..."

మాట సగంలో ఆగింది. గోడ వైపు చూశాడు.

"మీన్చో అన్నా," అన్నాడు చివరికి, "మనం తిన్న బానిత్సా మనకి అరగకూడదు."

కొత్త పంపకంలో తలా పన్నెండు పలకలు. ఆరు, ఏడు, పన్నెండు గాన్చోవి. ఎనిమిది, తొమ్మిది, పది వెల్కావి. రెండు, మూడు, నాలుగు, అయిదు, పదకొండు మీన్చోవి.

"నాకు అయిదూ, మీకు మూడేసా? ఇదేం న్యాయం?"

"పలకలు లెక్కపెట్టుకో అన్నా," అంది వెల్కా.

వేలు పెట్టి లెక్కపెట్టాడు. ఆ వేలికీ చొక్కా చేతికీ అంటిన లిప్‌స్టిక్ గురించి ఇంటావిడకి చెప్పుకోవడానికి ఆయనకి లెక్క కంటే ఎక్కువసేపు పట్టిందట.

ఆ రోజే పాచికలు వేశారు. పసుపు నాలుగు, ఎరుపు అయిదు. తొమ్మిది. పాత పద్ధతిలో అయితే గాన్చోది, ఇప్పుడు వెల్కాది. ఆమె చీపురు తీసుకుని దిగింది. సాధన ఒకటి పోయింది. కానీ ఆ పాచి తన వాటాది. తర్వాతి ఆదివారం పదకొండు పడి మీన్చో దిగాడు, ఆ పైవారం ఏడు పడి గాన్చో. జాతరలో వెల్కా రెండో వరుసలో నిలబడి పాడింది.

మీ దగ్గరా ఎవరో గుండె మీద చెయ్యి వేసుకుని చీటీలు తీస్తుంటారు. డ్యూటీలకి, ఇళ్ల స్థలాలకి, నీళ్ల వంతులకి. ఎన్ని పేర్లున్నాయని అడిగి ఊరుకోకండి. ఏమేం పడొచ్చో ఒక్కటీ వదలకుండా అందరికీ కనబడేలా గోడ మీద రాయమనండి. రాయకపోతే మీరే రాయండి. లిప్‌స్టిక్ అయినా పర్వాలేదు.