మౌనిక గుర్తుపెట్టిన గేటు

మా ఆఫీసులో డిజిటల్ మ్యాపులు తయారుచేస్తాం. కొత్తగా చేరిన మౌనిక చదివింది బీకాం. నేను చదివింది కూడా మ్యాపులతో సంబంధం లేని బోటనీయే కాబట్టి డిగ్రీ గురించి నేనెప్పుడూ నోరెత్తలేదు.

ఇవాళ ఆమెకు ఆఖరి పరీక్ష. నెగ్గితేనే ఉద్యోగం ఖాయం. ఉపగ్రహ చిత్రం చూసి, నల్లగండ్లలో ఇరవై అపార్ట్‌మెంట్ల లోపలికి ఏ గేటు నుంచి వెళ్లాలో గుర్తుపెట్టాలి. పంతొమ్మిది సరిగ్గా పెట్టింది. అన్నిటికన్నా పెద్దదానికి మాత్రం, ముందువైపు ఫౌంటెన్‌తో సహా అంత గేటు కనిపిస్తుంటే, వెనక సందులో ఉన్న చిన్న గేటు దగ్గర పెట్టింది.

"ఇదేంటమ్మా, ఎదురుగా అంత గేటుంటే?" అని కాస్త విసుగ్గానే అడిగాను.

"అది కార్లకు అనుకున్న మేడం. మనుషులు పోయేది ఇదే గదా" అంది. "మా అమ్మ అండ్లనే పనిచేస్తది. నేను ఆరో తరగతి ఉన్నప్పటిసంది ఇట్లనే పోతం. గ్యాస్ బండి, నీళ్ల ట్యాంకర్ గూడ ఈ గేటు కాడనే ఆగుతయి." మెల్లగా, "తీసెయ్యాల్నా?" అంది.

"వద్దు. దాన్ని ఉంచి రెండోది కూడా పెట్టు" అన్నాను. ఇరవైకి ఇరవై వేశాను. పైవాళ్లు అడిగితే అప్పుడు చూసుకుంటాను.

సాయంత్రం ఇంటికొచ్చి, లిఫ్ట్ ఎక్కకుండా మా అపార్ట్‌మెంట్ చుట్టూ ఓసారి తిరిగాను. ఇక్కడ ఆరేళ్లుగా ఉంటున్నా, మా వెనక గేటును ఇవాళే చూశాను. మా ఇంట్లో పనిచేసే లక్ష్మి రోజూ అటునుంచే వస్తుందట.

మీ వెనక గేటు ఎక్కడుందో మీకు తెలుసా?