బెల్లం మట్టిలా అనిపించిన రోజు

నేను మందమర్రిలో గని కార్మికుణ్ణి. ఒకరోజు షిఫ్ట్ మొత్తానికని తీసుకెళ్ళిన నీళ్ళు గంటలోనే అయిపోయాయి. నాలుక మాత్రం ఎండిపోయే ఉంది. లోపలి వేడికనుకున్నాను. నా భార్య రాధమ్మ ఊరుకోలేదు. "మనిషివి గుంజుకపోతున్నవ్, డిస్పెన్సరీకి పోదాం పా" అని వెంటపడింది.

షుగర్ పరీక్షల్లో ఫాస్టింగ్, హెచ్‌బీఏ1సి రెండూ ఎక్కువే వచ్చాయి. డాక్టరమ్మ షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ టాబ్లెట్ రాసి, "తీపి బంద్ చేయండి" అన్నారు. నా ప్రాణం ఉసూరుమంది. మా దగ్గర గని నుంచి పైకి రాగానే బెల్లం ముక్క నోట్లో వేసుకుంటాం. గొంతులో పేరుకున్న బొగ్గు దుమ్ము దిగిపోతుందని నమ్మకం. ఏళ్ళ తరబడి అలవాటు పడ్డ నోరు ఊరుకుంటుందా?

మా బావమరిది ఫోన్‌లో చూసి ఒక ప్యాకెట్ తెప్పించాడు. గ్రీన్ టీలో పొడపత్రి ఆకు, దాల్చినచెక్క కలిపిన పొడి. తీపి మీద ఆశను చంపేస్తుందట. తాగి బెల్లం కొరికితే, అమ్మో, ఇసుక నమిలినట్టే ఉంది! సంబరపడిపోయాను. ఫ్లాస్క్ నింపుకొని గనిలోకీ తీసుకెళ్ళాను. పనిలో పనిగా సద్దిలో అన్నం కూడా తగ్గించాను. డాక్టరమ్మకు చెప్పలేదు. ఆకే కదా, మందా ఏమన్నానా!

కొన్నాళ్ళకు షిఫ్ట్ మధ్యలో చేతులు వణకడం, చల్లటి చెమటలు, తీపి కోసం పిచ్చి ఆకలి. పాత ఆశే తిరగబడిందనుకుని, అలా అయినప్పుడల్లా ఇంకో కప్పు తాగాను. ఆకలి అణిగేది. వణుకు అణిగేది కాదు.

ఒకరోజు సద్ది విప్పకముందే కాళ్ళు తేలిపోయాయి. ఎప్పటిలాగే టీ తాగాను. క్యాప్‌ల్యాంప్ వెలుగు రెండుగా కనబడింది. నాతో జోడీగా పనిచేసే సమ్మన్నకు, నా షుగర్ పడిపోయిందని తెలిసిపోయింది. వాళ్ళ బాపుకూ షుగరే. జేబులోని బెల్లం తీసి నా నోట్లో పెట్టాడు. నాకది మట్టి. గని పైకప్పు కూలి నోట్లో మట్టి పడిందనే అనుకున్నాను. ఉమ్మేశాను.

"మట్టి పెడుతున్నవేందిరా, నన్ను పూడుస్తున్నవా?" అని అతని మీద కలబడ్డానట.

"మట్టి గాదన్నా, బెల్లం! జర మింగు, నీ కాళ్ళు మొక్కుత" అని ఏడ్చాడట. నేను పళ్ళు బిగించుకున్నాను. ఆ తర్వాత నాకేమీ గుర్తు లేదు.

ఆసుపత్రిలో కళ్ళు తెరిచేసరికి చేతికి డెక్స్‌ట్రోజ్ సెలైన్ ఎక్కుతోంది. "హైపోగ్లైసీమియా, షుగర్ బాగా పడిపోయింది," అన్నారు డాక్టరమ్మ, రాధమ్మ తెచ్చిన టీ ప్యాకెట్ చూస్తూ. "టాబ్లెట్ వేసుకుని తిండి తగ్గించారు. ఈ ఆకు కూడా షుగర్‌ను కిందికి లాగగలదు. అది ఆశ కాదు, మీ ఒళ్ళు చక్కెర కోసం మొత్తుకుంది. మీరేమో దాని నోరు మూశారు. ఇంకాసేపైతే కోమా." రాధమ్మ ఆ ప్యాకెట్‌ను మురిక్కాలువలో పడేసింది.

ఇప్పుడు టాబ్లెట్ మార్చారు. గనిలోకి దిగకుండా పైనే సర్ఫేస్ డ్యూటీ ఇచ్చారు. తీపి మీద ఆశ అలాగే ఉంది, ఉండనీ.  మీకు చెప్పేది ఒక్కటే: ఆకైనా, పొడైనా, టీ అయినా తాగేముందు డాక్టరుకు చెప్పండి, వణుకు వస్తే ఆశ అనుకోకుండా వెంటనే షుగర్ మీటర్‌లో చూసుకోండి.

సమ్మన్న రోజూ షిఫ్ట్ దిగి నా దగ్గరికొస్తాడు. అరచేతిలో బెల్లం ముక్క చూపిస్తాడు.

"ఏందన్నా గిది?"

"బెల్లంరా" అనేదాకా కదలడు.